వీఎంవేర్ నుంచి కేవీఎంకి తెచ్చాక విండోస్ నత్తనడక. డిస్క్ ఫైలుని రా (raw) ఫార్మాట్ చేస్తే బాగుపడుద్దా?

ఎన్ఏడీ_కుర్రోడు:
ఆఫీసులో అకౌంట్స్ నడిచే పాత విండోస్ సర్వర్ వీఎంని (వర్చువల్ మెషీన్) వీఎంవేర్ నుంచి లైనక్స్‌లోని కేవీఎంకి మార్చా. వీఎంవేర్ డిస్క్ ఫైలు వీఎండీకేని, కేవీఎంలో వాడే క్యూకౌ2 ఫార్మాట్ చేశా. బూట్ అవుతోంది గానీ, లాగిన్ అయ్యేలోపు టీ తాగి రావచ్చు. డిస్క్ కంట్రోలర్‌గా పాతకాలపు ఐడీఈ తీసి, వీఎంల కోసమే చేసిన విర్ట్‌ఐఓ పెడితే బ్లూస్క్రీన్. మా సీనియర్ "రా చేసెయ్, డైరెక్ట్ డిస్క్ అయిపోద్ది" అంటున్నారు. నిజమేనా? కొత్త ఎస్ఎస్‌డీ మొత్తం వీఎంకే ఇచ్చెయ్యొచ్చా? రాత్రి బ్యాకప్ ఎలా తీస్తున్నారు మీరంతా?

మధురవాడ_నైట్‌షిఫ్ట్:
రా చేసినా ఐడీఈ మీదే ఉంచితే ఒరిగేదేం లేదు గురూ. హోస్ట్ (వీఎంని నడిపే అసలు మెషీన్) మీద ఫైల్లో డేటా ఎలా సర్దారన్నది ఫార్మాట్. లోపలున్న విండోస్‌కి ఏ కంట్రోలర్ కనపడుతోందన్నది బస్. నిన్ను ఏడిపిస్తున్నది రెండోది. ఆ బ్లూస్క్రీన్ మీద "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అని ఉంటుంది చూడు. విండోస్‌లో విర్ట్‌ఐఓ డ్రైవర్ లేదన్నమాట. సీ డ్రైవ్‌ని ఐడీఈ మీదే ఉండనిచ్చి, పక్కన 1 జీబీ ఖాళీ డిస్క్ ఒకటి విర్ట్‌ఐఓ మీద తగిలించు. విర్ట్‌ఐఓ-విన్ ఐఎస్ఓ నుంచి డ్రైవర్ వెయ్యి. డివైస్ మేనేజర్లో పసుపు గుర్తు పోయాక షట్‌డౌన్ చేసి, అప్పుడు సీ డ్రైవ్ బస్ మార్చు.

గాజువాక_సర్వర్‌రావు:
మీరు స్కూలు బ్యాగులు మోస్తున్నప్పట్నుంచి నేను సర్వర్లు మోస్తున్నాను బాబూ. రా అంటేనే డైరెక్ట్ యాక్సెస్. మధ్యలో ఏ లేయరూ ఉండదు. క్యూకౌ2 పిల్లలు ఆడుకోడానికి.

సిరిపురం_పెంగ్విన్:
ఏటండీ రావు గారూ, డాట్ రా ఫైలు ఎక్కడుంటుంది? హోస్ట్‌లో ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మీదే కదా? మరి ఫైల్‌సిస్టమ్ లేయర్ ఎక్కడికి పోయింది? ఎల్‌వీఎం (లైనక్స్‌లో డిస్క్‌ని ముక్కలుగా పంచేది) వాల్యూమ్‌ని రాగా ఇస్తే అది ఫైలు కాదు, బ్లాక్ డివైస్, అంటే డిస్క్ లాంటిదే. అదే వాల్యూమ్ మీద క్యూకౌ2 కూడా రాయొచ్చు, వీఎంని నడిపే ప్రోగ్రాం క్యూఈఎంయూ ఒప్పుకుంటుంది. రా ఫైలుని ఎన్‌బీడీ (నెట్‌వర్క్ మీద డిస్క్ ఇచ్చే పద్ధతి) మీద పక్క మెషీన్ నుంచి కూడా తెచ్చుకోవచ్చు. అంటే ఫార్మాట్ ఒక గీత, దాన్ని చేరుకునే దారి ఇంకో గీత. లిబ్‌వర్ట్ ఎక్స్ఎంఎల్ (వీఎం సెట్టింగుల ఫైలు) తెరిచి చూడండి: డిస్క్ లైన్లో టైప్ ఫైలా బ్లాకా అని ఉంటుంది, డ్రైవర్ లైన్లో టైప్ రానా క్యూకౌ2నా అని ఉంటుంది, టార్గెట్ లైన్లో బస్ ఉంటుంది. మూడూ ఒకటే అయితే మూడు చోట్ల ఎందుకు రాయించుకుంటారు?

గాజువాక_సర్వర్‌రావు:
ఎక్స్ఎంఎల్ చదివి పాఠాలు చెప్పకండి. ఫీల్డులో దిగి చూడండి. రా మీద స్పీడు నా కళ్ళతో చూశాను.

సిరిపురం_పెంగ్విన్:
కొంచెం స్పీడు ఉంటుంది, ఎవరు కాదన్నారు? క్యూకౌ2 మామూలుగా 64 కేబీ క్లస్టర్లుగా డేటా పెట్టుకుని, ఏది ఎక్కడుందో టేబుల్ చూసుకోవాలి. రాకి ఆ వెతుకులాట లేదు. ఐడీఈ ఎమ్యులేషన్‌తో పోలిస్తే ఆ తేడా ఏపాటి అన్నదే నా పేచీ. ఇంతకీ ఆ కుర్రోడి సీనియర్ మీరే కాదు కదా!

ఎంవీపీ_డీబీఏ:
ఇద్దరూ కాసేపు ఆపండి. ఇంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. మా దగ్గర ఒకతను డాట్ క్యూకౌ2 ఫైలుకి ఎక్స్ఎంఎల్‌లో టైప్ రా అని రాశాడు. వీఎంకి ఫైలు యథాతథంగా, హెడర్‌తో సహా డిస్క్‌లా కనపడింది. విండోస్ "ఇనిషియలైజ్ చెయ్యాలా?" అంది, ఇతను ఓకే కొట్టాడు. క్యూకౌ2 హెడర్ మీద పార్టిషన్ టేబుల్ పడింది. ఎక్స్‌టెన్షన్ మార్చినంతమాత్రాన ఫార్మాట్ మారదు. ముందు క్యూఈఎంయూ-ఐఎంజీ ఇన్ఫో కొట్టి చూడండి. మార్చాలంటే కన్వర్ట్.

కంచరపాలెం_బైట్:
టైపు రాయకుండా వదిలేస్తే అదే కనిపెడుతుందిగా?

ఎంవీపీ_డీబీఏ:
క్యూఈఎంయూని నేరుగా నడిపితే కనిపెడుతుంది, అదే భయం. రా డిస్క్ మొదటి సెక్టార్లో వీఎం లోపలున్నవాడు క్యూకౌ2 హెడర్ రాసి, బ్యాకింగ్ ఫైలుగా (డేటా తెచ్చుకునే కింది ఫైలు) హోస్ట్‌లోని ఏ ఫైలో చూపిస్తే? మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు క్యూఈఎంయూ ఆ ఫైలుని చదివి లోపలివాడికి చూపించేస్తుంది. అందుకే క్యూఈఎంయూ వార్నింగ్ ఇస్తుంది.

గాజువాక_సర్వర్‌రావు:
రా మీద స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డిస్క్ స్థితిని దాచుకోవడం) రాదు, అది ఒప్పుకుంటాను. మిగతాదంతా తియరీ.

మధురవాడ_నైట్‌షిఫ్ట్:
అదీ వస్తుంది సార్. రా పైన, కొత్త మార్పులు రాసుకునే క్యూకౌ2 ఓవర్లే పెడితే సరి. అదే ఫైలు లోపల ఉండే ఇంటర్నల్ స్నాప్‌షాట్ మాత్రం రాదు.

అక్కయ్యపాలెం_యూపీఎస్:
స్పీడు కోసం క్యాష్ రైట్‌బ్యాక్ (రాసింది ముందు హోస్ట్ మెమరీలో ఉంచుకునే మోడ్) పెట్టకండి. 2014 అక్టోబరు 12న వైజాగ్‌లో హుద్‌హుద్ తుఫానుకి కరెంటు పోయి, తర్వాత ఎన్ని సర్వర్లు లేవలేదో మనకి తెలుసు.

సిరిపురం_పెంగ్విన్:
హుద్‌హుద్‌కీ రైట్‌బ్యాక్‌కీ ముడెందుకు పెడతారు? గెస్ట్ (వీఎం లోపలి విండోస్) ఫ్లష్, అంటే డిస్క్‌కి రాసెయ్యమని, అడిగితే రైట్‌బ్యాక్ డిస్క్ దాకా పంపుతుంది. ఫ్లష్‌ని పట్టించుకోనిది అన్‌సేఫ్ మోడ్. దాన్ని తిట్టండి.

అక్కయ్యపాలెం_యూపీఎస్:
రెండ్రోజులు జనరేటర్‌లో డీజిల్ పోస్తూ నిలబడినోణ్ణి, నాకు మోడ్లు చెప్తున్నారు.

కంచరపాలెం_బైట్:
ద్వారకానగర్‌లో వర్చువలైజేషన్ బాగా చెప్పే ఇన్‌స్టిట్యూట్ ఏదైనా ఉందా? ఫీజు తక్కువ ఉండాలి.

ఎన్ఏడీ_కుర్రోడు:
నైట్‌షిఫ్ట్ గారూ, పక్కన ఖాళీ డిస్క్ పెట్టి డ్రైవర్ వేశా. ఇప్పుడు సీ డ్రైవ్ విర్ట్‌ఐఓ మీదే లేస్తోంది. క్యూకౌ2 ముట్టుకోలేదు, లాగిన్ వెంటనే అవుతోంది. ఎస్ఎస్‌డీ, బ్యాకప్ సంగతి?

మధురవాడ_నైట్‌షిఫ్ట్:
ఎస్ఎస్‌డీ ఇవ్వొచ్చు. టైప్ బ్లాక్, ఫార్మాట్ రా, బస్ విర్ట్‌ఐఓ. డిస్క్ పేరు ఎస్‌డీబీ అని రాయకు, రీబూట్‌కి పేర్లు తారుమారైతే హోస్ట్ డిస్కే వీఎంకి పోద్ది. మారని పేర్లుండే బై-ఐడీ ఫోల్డర్ కింద ఉన్న పాత్ రాయి. అది హోస్ట్‌లో మౌంట్ అయి ఉండకూడదు. బ్యాకప్‌కి వేరే థ్రెడ్ తెరువు, ఇక్కడ రావు గారు ఊరుకోరు.

గాజువాక_సర్వర్‌రావు:
నేనేమన్నాను ఇప్పుడు? ఎస్ఎస్‌డీకి మీరు చెప్పింది కూడా రానే కదా!