మూడడుగుల పుట్‌కి చేతులు బిగుసుకుపోతున్నాయి

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి): గోల్ఫ్‌లో పుట్ (బంతిని హోల్‌లోకి, అంటే గుంతలోకి, నేలమీద దొర్లించే చిన్న దెబ్బ) నాకు సమస్య. ఇంట్లో మ్యాట్ మీద మూడడుగుల పుట్‌లు వరసగా పడుతున్నాయి. విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సుకి వెళ్తే అదే పుట్ కుడికి పోతోంది. ఒకటి తప్పితే తర్వాతి రెండు హోల్స్ కూడా చెడుతున్నాయి. లోపం స్ట్రోక్‌లోనా (కొట్టే తీరులోనా), బుర్రలోనా?

రాయగడ నుంచి: మ్యాట్ మీద పడుతోందంటే స్ట్రోక్‌ని కదపకండి. భయంతో గ్రిప్ బిగిస్తే పుట్టర్ (పుట్ కొట్టే కర్ర) ఫేస్, అంటే బంతికి తగిలే ముఖం, తెరుచుకునే, అంటే కుడికి తిరిగే, ఉండిపోతుంది. కుడిచేతివాళ్లకి బంతి కుడికి పోవడానికి తరచూ అదే కారణం. పదిలో నాలుగు వంతుల బిగువు చాలు. బంతి వెనక నిలబడి లైన్ (బంతి వెళ్లాల్సిన దారి) చూసి, ఆరంగుళాల ముందున్న ఒక మచ్చ ఎంచుకోండి. ఫేస్ దానికి ఎదురుగా పెట్టి, ఊపిరి పీల్చినదానికంటే నెమ్మదిగా వదలండి. చివరగా బంతి వెనక అంచు మీద రెండు మూడు సెకన్లు చూపు నిలిపి కొట్టండి. బంతి కదిలాక కూడా చూపు అక్కడే ఉండాలి. అన్నిటికంటే ఇది ముఖ్యం. కాల్గరీ విశ్వవిద్యాలయంలో జోన్ విక్కర్స్ పరిశోధించింది ఈ నిలకడ చూపునే. మొత్తం 40 సెకన్లలోపు ముగించండి, 2019 గోల్ఫ్ రూల్స్ సూచించేదీ అంతే.

బరంపురం నుంచి: అన్నా, సాధన పద్ధతి కూడా మార్చాలి. ఒకే చోట నుంచి కొడితే చేతికి అలవాటవుతుంది గానీ ఒత్తిడి అలవాటు కాదు. ఒకే బంతి, హోల్ చుట్టూ ఎనిమిది చోట్లు. ఒకటి తప్పినా మళ్లీ మొదటి నుంచి.

ప్రశ్న అడిగినవారు: మరి తప్పాక వచ్చే కోపం?

రాయగడ నుంచి: హోల్‌లో జెండా తిరిగి పెట్టేదాకా కోప్పడండి, పరవాలేదు. స్కోరు మాత్రం తర్వాతి టీ (తర్వాతి హోల్ ఆట మొదలయ్యే చోటు) దగ్గరే రాయండి. ఎనిమిదడుగుల నుంచి పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీలు) ఆటగాళ్లకే దాదాపు సగం తప్పుతాయి, అక్కడ తప్పితే లెక్కలోకే తీసుకోకండి.