చర్చ: చైనీయులకు ఇంగ్లీషు మాట ‘ప్లే’ నేర్పేటప్పుడు వాళ్ళ భాష వాడాలా, వద్దా?

సింగపూర్_పంతులమ్మ:

చైనా నుంచి కొత్తగా సింగపూర్ వచ్చిన పెద్దవాళ్ళకు సాయంత్రాలు ఇంగ్లీషు చెబుతాను. తరగతిలో చైనీస్ మాట వినపడకూడదని మా దగ్గర నియమం. పోయిన వారం ఆ నియమం కావాలనే తప్పాను. పై వాళ్ళు పిలిచి గట్టిగానే అడిగారు. నేను చేసింది సరైనదే అని నా నమ్మకం, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

ఆ రోజు హాబీల పాఠం. షాన్‌డాంగ్ నుంచి వచ్చిన ఒకావిడ, యాభై దాటిన మనిషి, సెలవు రోజు గురించి రాయమంటే “మా ఆయన పై ఆఫీసరు కుటుంబంతో ప్లే చేయడానికి మలక్కా వెళ్ళాం” అని రాసింది. తరగతిలో ఎవరికీ అందులో తప్పు కనపడలేదు. ఆవిడ మనసులో ఉన్న మాట ‘వాన్’. చైనీస్‌లో పిల్లల ఆటా వానే, పెద్దవాళ్ళు ఊరు చూడబోవడమూ వానే, స్నేహితుల ఇంటికి వెళ్ళి కబుర్లు చెప్పుకోవడమూ వానే. “వీలున్నప్పుడు వాన్ చేయడానికి రండి” అంటే మనం గుమ్మం దగ్గర “వస్తూ ఉండండి” అన్నట్టు. బడిలో వానుకు ప్లే అని ఒకటే అర్థం నేర్పారు. ఆవిడ దాన్నే వాడింది. ఇంగ్లీషులో పెద్దవాళ్ళు ఊరు చూడబోవడాన్ని ప్లే అనరు.

అప్పుడు నాకు ఒకటి తోచింది. “నోరు మెదపకుండా, మీకు తెలిసిన ప్లే ఏదో చేతులతో చూపించండి” అన్నాను. ఎనిమిది మంది ఉన్నారు. ఒకాయన రెండు తీగల అర్హూను మోకాలి మీద ఆనించుకున్నట్టు పెట్టి కమాను లాగాడు. ఒకమ్మాయి తీగలు మీటింది. ఇంకొకరు వేళ్ళు పెదాల దగ్గరికి తెచ్చారు. ఒక కుర్రాడు బల్ల కింద కాలు విసిరాడు. చివరి వరుసలో పెద్దాయన చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య కనపడని రాయి పట్టుకుని, ఎంతో జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. అది వెయ్‌ఛీ, మనం గో అంటామే, ఆ నలుపు తెలుపు రాళ్ళ ఆట. షాన్‌డాంగ్ ఆవిడ రెండు అరచేతులూ బల్ల మీద ఆనించి మహ్‌జాంగ్ బిళ్ళలు కలిపింది. ఒకరు బంతి నేలకు కొట్టారు. ఒకరు బొటనవేలితో ఫోను తెర జరిపారు.

ఇప్పుడు మీ భాషలో అదేమిటో చెప్పండి అన్నాను. లా, థాన్, ఛ్వెయ్, థీ, షియా, తా, మళ్ళీ తా, వాన్. లాగడం, మీటడం, ఊదడం, తన్నడం, దించడం, కొట్టడం. ఎనిమిది మంది, ఏడు క్రియలు. ఇంగ్లీషుకు వీటన్నిటికీ ఒకటే మాట. ఆ ఎనిమిదీ బోర్డు మీద రాసి, ఒక్కోదాని పక్కన ఇంగ్లీషులో ఏం వస్తుందో వాళ్ళతోనే చెప్పించాను. ఒక్క వాన్ దగ్గర ఆగి, “ఇక్కడ ప్లే అన్నిసార్లూ పనికిరాదు” అని గీత గీశాను. ఇదీ నా నేరం.

నిఘంటువు_నేస్తం:

మేడమ్, మీ శ్రద్ధ మీద నాకు గౌరవం ఉంది. కానీ పద్ధతి మీద అభ్యంతరం ఉంది. ఏడు చైనీస్ క్రియలు పక్కన పెట్టి నేర్పితే విద్యార్థి తలలో ఏడు ప్లేలు తయారవుతాయి. రేపు ఎనిమిదోది ఎదురైతే ఎక్కడ పెట్టుకోవాలి? నీటి మీద వెలుగు ప్లే చేస్తుంది. స్టీరింగ్‌లో కొంచెం ప్లే ఉందని మెకానిక్ అంటాడు. వీటికి లా, థాన్ ఏం సాయం చేస్తాయి?

ప్లే అనే మాటకు పాత ఇంగ్లీషులో ‘ప్లెగన్’ అని రూపం ఉంది. చురుగ్గా కదలడం, చేతులూ కాళ్ళూ ఆడించడం దాని అర్థం. అడ్డు లేని కదలిక అనే ఆ ఒక్క బొమ్మ మనసులో పడితే పిల్లల ఆట, నాటకం, వీణ, వెలుగు, వదులైన స్టీరింగ్ అన్నీ ఒకే తీగకు కాసిన కాయల్లా కనపడతాయి. వేరు చూపించండి, కొమ్మలు వాళ్ళే చూసుకుంటారు.

సింగపూర్_పంతులమ్మ:

నేస్తం గారూ, మీరు చెప్పింది చదవగానే నాకూ ఎంతో సహజంగా అనిపించింది. ఎందుకు అనిపించిందా అని రాత్రి ఆలోచించాను. మనకు ‘ఆడు’ ఉంది కాబట్టి!

చూడండి. పిల్లలు ఆడతారు. నాటకం ఆడతారు. సినిమా వంద రోజులు ఆడుతుంది. నట్టు వదులైతే ఆడుతుంది. ఊపిరి ఆడదు, భయమేస్తే కాళ్ళూ చేతులూ ఆడవు. గానుగ ఆడిస్తాం, పిండి ఆడిస్తాం. అబద్ధం కూడా ఆడతాం. మీరు చెప్పిన అడ్డు లేని కదలిక మన క్రియలోనే ఉంది. అందుకే మీ ‘వేరు’ తెలుగువాడికి ఇట్టే అందుతుంది. మనకు ఇబ్బంది వాయిద్యాల దగ్గర మాత్రమే, అక్కడ వాయిస్తాం, ఊదుతాం, మీటుతాం.

చైనీస్ వానులో ఆ కదలిక లేదు, సరదా ఉంది. వదులైన నట్టు వాన్ చేయదు. మా తరగతిలో “ప్లే అంటే అసలు అర్థం స్వేచ్ఛగా కదలడం” అని చెబితే వాళ్ళు తల ఊపుతారు, నోట్సు రాసుకుంటారు, మళ్ళీ ఆఫీసరుతో ప్లే చేయడానికే వెళ్తారు. అది వాళ్ళ భాషలో ఎక్కడా ఆనని బొమ్మ. మన ఇంట్లో వెలిగే దీపంతో పక్కింట్లో వెతుకుతున్నాం.

నాన్జింగ్_వైద్యం:

అక్కా, నేను చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్నాను. పాఠాలు ఇంగ్లీషులోనే అయినా ఆసుపత్రిలో రోగులతో చైనీసే మాట్లాడాలి. అందుకని ఇదే గొడవ అవతలి వైపు నుంచి రోజూ పడుతున్నాను. మీరు రాసిన ఆ తా ఉంది చూశారా, కొట్టు. ఇంజెక్షన్ వేయడం తా. తుమ్మడం తా. వెక్కిళ్ళు రావడం తా, గురక పెట్టడం తా. ఫోను చేయడం, గొడుగు వేసుకోవడం, టైపు చేయడం, టాక్సీ పట్టుకోవడం అన్నీ తానే. సోయాసాస్ కూడా తా చేస్తారు, అంటే వెనకటి రోజుల్లో ఖాళీ సీసా పట్టుకెళ్ళి కొట్లో నింపించుకుని రావడం.

మొదట్లో నేను కూడా దీనికి ఒక మూలార్థం పట్టుకోవాలని చూశాను. తుమ్ముకూ గొడుగుకూ కొట్టడానికీ ఏం సంబంధం అని గంటలు గంటలు కూర్చున్నాను. వార్డులో అది ఒక్కరోజు కూడా ఉపయోగపడలేదు. తుమ్ముతో కలిపి తా, సూదితో కలిపి తా అని జంటగా నోటికి పట్టించుకున్నాకే రోగి చెప్పింది చెప్పినట్టు అర్థమవడం మొదలైంది. నేస్తం అన్నా, మీ వేరు మాట నిజమే కావచ్చు. కానీ నేర్చుకునేవాడికి ముందు కాయలే చేతికి రావాలి.

ఇంకోటి, చర్చకు పక్కమాటే అనుకోండి. తా, థా తేడా మనకు వరం. అక్కడ చైనీస్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పిన్యిన్‌లో ‘డి’ అని రాసేది మన తకారానికి దగ్గర, ‘టి’ అని రాసేది థకారానికి దగ్గర. ఇంగ్లీషు అక్షరాలు చూసి పలికితే తప్పుతుంది, తెలుగులో రాసుకుంటే తప్పదు.

రిటైర్డ్_ఇంగ్లీషు_మాష్టారు:

అమ్మా, ఒక్క మాట ఎన్ని అర్థాలు మోయాలి అన్నది పాత తగాదా, చైనాలోనూ ఒకసారి నడిచింది. 1930లో ఆగ్డెన్ అనే ఆయన 850 మాటలతో బేసిక్ ఇంగ్లీష్ అని తయారుచేశాడు. ఆయన సహచరుడు రిచర్డ్స్ బీజింగ్‌లో ఛింగ్‌హువా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, చైనాకు ఇదే దారి అని ఎంతో నమ్మాడు. మాటలు తగ్గిస్తే భారం తగ్గుతుందని వాళ్ళ ఆలోచన. కానీ మాటలు తగ్గించిన కొద్దీ ఒక్కో మాట మోసే అర్థాలు పెరుగుతాయి. లెక్కలో 850, నేర్చుకోవడంలో దానికి ఎన్నో రెట్లు.

ఆ పద్ధతిని గట్టిగా విమర్శించినవాడు మైకేల్ వెస్ట్. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసి, బెంగాలీ పిల్లల ఇబ్బంది కళ్ళారా చూసినవాడు. 1953లో ఆయన తెచ్చిన పదాల జాబితాలో సుమారు 2000 మాటలు ఉంటాయి. అందులో ఒక్కో మాటకు ఏ అర్థం నూటికి ఎన్నిసార్లు వస్తుందో అంకెలతో ఇచ్చాడు. అర్థాలన్నీ సమానం కావు, ఎక్కువ వాడేది ముందు నేర్పు అని ఆ అంకెలు చెబుతాయి.

కాబట్టి మీ ఇద్దరికీ నా మాట ఇదీ. నీటి మీద వెలుగు ఏడాది తర్వాత రానీండి, తొందరేం లేదు. షాన్‌డాంగ్ ఆవిడకు ఇవాళ కావలసింది సెలవు రోజు ఏం చేశానో చెప్పుకోవడం. ఎనిమిది చేతులు చూపించడం నాకు బాగా నచ్చింది, కానీ ఎనిమిదీ ఒకే గంటలో బోర్డెక్కాలా అన్నది ఆలోచించండి.

నిఘంటువు_నేస్తం:

మాష్టారూ, ఆవిడ అవసరం వరకు ఒప్పుకుంటున్నాను. ‘ఆడు’ గురించి పంతులమ్మ గారు అన్నది నన్ను నిజంగా ఆపేసింది, ఇన్నేళ్ళలో అలా చూడలేదు.

అయినా ఒకటి వదలను. చైనాలో కాలేజీ ప్రవేశపరీక్ష గావ్‌ఖావ్‌లో చాలా చోట్ల 750 మార్కులకు ఇంగ్లీషుకు 150. దానికి తయారయ్యే పిల్లలకు ‘తెలిసిన మాటకు తెలియని అర్థం’ అని ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంటుంది, దాని కోసమే జాబితాలు బట్టీ పడతారు. జంటలు మాత్రమే నేర్చినవాడు జాబితాలో లేని అర్థం చూడగానే ఆగిపోతాడు. వేరు తెలిసినవాడు కనీసం ఊహిస్తాడు. మొదట్లో వద్దు సరే, ఎప్పటికీ వద్దంటే మాత్రం నేను ఒప్పుకోను.

టెక్సస్_అమ్మ:

మా పాప బడిలో మాండరిన్, అంటే ప్రామాణిక చైనీస్, తీసుకుంది. ఇంట్లో పియానో కూడా నేర్చుకుంటోంది. వ్యాసంలో “నేను రోజూ పియానో వాన్ చేస్తాను” అని రాసింది. వాళ్ళ టీచరు చాలా మృదువుగా చెప్పారు, అలా అంటే పియానోతో ఆడుకుంటున్నట్టు ఉంటుంది, మీటేదానికి థాన్ అనాలి అని. తర్వాత ఆవిడే ఒక సామెత నేర్పారు, ‘త్వెయ్ న్యూ థాన్ ఛిన్’, ఆవు ముందు వీణ మీటడం. ఛిన్ అంటే ఏడు తీగల పాత వాయిద్యం. మనం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటాం కదా, అదే. ఆ సామెతతో పాపకు థాన్ ఎప్పటికీ మరిచిపోనంతగా పట్టేసింది. ఆ రోజు టీచరు మాండరిన్ తప్ప ఇంకోటి మాట్లాడను అని ఉంటే మా పాపకు తప్పు ఎక్కడుందో తెలిసేదే కాదు. ఆవిడ తేడాను ఇంగ్లీషులో విడమరిచి చెప్పారు. మీరు చైనీస్‌లో చెప్పారు. రెండూ ఒకటే పని.

సింగపూర్_పంతులమ్మ:

మాష్టారూ, ఎనిమిదీ ఒకే గంటలో ఎక్కించడం ఎక్కువే, ఒప్పుకుంటాను. నిన్నటి తరగతిలో రెండే తీసుకున్నాను, బంతాటలు, వాయిద్యాలు. వాయిద్యాల ముందు ‘ది’ పెట్టాలి, ఆటల ముందు వద్దు అని వాళ్ళ బడిలో బట్టీ పట్టించినది వాళ్ళకు బాగానే గుర్తుంది, అక్కడ నా అవసరం పడలేదు. నేస్తం గారూ, మీ వేరును పై తరగతికి తప్పకుండా తీసుకెళ్తాను. ‘ఎప్పటికీ వద్దు’ అని నేనూ అనను.

పై వాళ్ళకు ఉత్తరం రాశాను. వారానికి ఒక పావుగంట బోర్డు మీద చైనీస్ రాసుకోనివ్వమని అడిగాను. ఇంకా జవాబు రాలేదు.

షాన్‌డాంగ్ ఆవిడ తన వాక్యం తిరగరాసి తెచ్చింది. ప్లే కొట్టేసి “ఒక రోజు మలక్కా వెళ్ళొచ్చాం” అని రాసింది, తప్పు లేదు. కానీ కాగితం నా చేతికి ఇవ్వకుండా అలాగే పట్టుకుని నిలబడింది. “ఇందులో వెళ్ళడం, రావడం ఉన్నాయి. వాన్ ఏది?” అని అడిగింది. మధ్యాహ్నం నది ఒడ్డున కూర్చుని అందరూ నవ్వుకున్నారట, పిల్లలు నిద్రపోయారట, ఎవరికీ ఇంటికి రావాలనిపించలేదట. “పిల్లలైతే ప్లే చేశారని రాయొచ్చు. మేమేం చేశాం?”

సరదాగా గడిపాం అని రాయొచ్చని చెప్పాను. రాసుకుంది. అయినా ఆ ఒక్క మాటలో ఉన్నదంతా అందులోకి వచ్చినట్టు నాకూ అనిపించలేదు. మీలో ఎవరికైనా ఇంకా దగ్గరి మాట తోస్తే చెప్పండి, గురువారం మళ్ళీ తరగతి ఉంది.