"పది రెట్లు తక్కువ" జడవాయువు: ఈ వాక్యం దిద్దేదెలా?

ప్రశ్న: గెలీలియో ప్రోబ్ (గురుగ్రహ వాతావరణంలోకి దిగిన నాసా పరికరం) మీద వ్యాసం దిద్దుతున్నాం. "గురుగ్రహంలో జడవాయువైన నియాన్ పది రెట్లు తక్కువ" అని ఉంది. జడవాయువు ఉంచాలా, ఉత్కృష్ట వాయువు (noble gas) అనాలా?

— ముందు "పది రెట్లు తక్కువ" తీసేయండి. రెట్లు వేస్తే పెరగాలి గానీ తరగడమేమిటి? "సూర్యుడిలో ఉన్నదాంట్లో పదో వంతు" అనండి. దేనితో పోల్చారో కూడా చెప్పాలి: హైడ్రోజన్‌తో. ఆర్గాన్, క్రిప్టాన్, జినాన్‌లకు "దాదాపు రెండున్నర రెట్లు" చాలు. పక్కన "ఎక్కువ" చేర్చారో, మూడున్నరగా లెక్కేసేవాళ్లుంటారు.

— పేరు సంగతికొస్తే, 1962లో నీల్ బార్ట్‌లెట్ జినాన్‌తో సమ్మేళనం చేసి చూపించాక "జడ" పూర్తి నిజం కాదు. అయినా ఇక్కడ నా ఓటు దానికే. 1995 డిసెంబర్ 7న దిగిన ఆ ప్రోబ్‌లోని మాస్ స్పెక్ట్రోమీటర్ (కణాల్ని వాటి ద్రవ్యరాశిని ఆవేశంతో భాగిస్తే వచ్చే అంకెను బట్టి గుర్తించే పరికరం) ఈ అరుదైన వాయువుల్ని కొలవగలిగింది ఆ గుణం వల్లే. వందకోట్ల అణువుల్లో క్రిప్టాన్ పది లోపు, జినాన్ ఒకటి లోపు. మిగతా వాయువుల మధ్య అవి కనబడవు. అందుకని చర్య జరిపే వాయువుల్ని గెట్టర్ అనే పదార్థం పట్టేసుకుంటుంది, పట్టుబడనివి మిగులుతాయి. నియాన్‌కి ఇంకో తంటా: ద్రవ్యరాశి-ఆవేశ నిష్పత్తి 22 దగ్గర, రెండు ఎలక్ట్రాన్లు పోయిన కార్బన్ డయాక్సైడ్ (44ను రెండుతో భాగిస్తే 22) నియాన్-22 సంకేతం మీదే పడుతుంది. 20 దగ్గర నియాన్-20 మీద ఆర్గాన్-40 కూడా అంతే, పైగా అది గెట్టర్‌కి చిక్కదు.

— "జడం" అంటే ఉన్నచోటే ఉంటుందనుకునే పాఠకుడు, మరి నియాన్ ఎటు పోయిందని అడగడా? లోతుల్లో లోహ హైడ్రోజన్ (విపరీతమైన ఒత్తిడికి లోహంలా మారిన హైడ్రోజన్) నుంచి హీలియం చినుకులుగా విడిపోతుంది, నియాన్ వాటిలో కరిగి కిందికి దిగుతుందని వివరణ. చర్య జరపదు, కరుగుతుంది. మొదటిసారి "రసాయనికంగా జడమైన" అని రాస్తే గొడవ ఉండదు. "ఉత్కృష్ట" నాకూ వద్దు. బంగారంలా దేనితోనూ అంత తేలిగ్గా కలవదన్న అర్థం పోయి, మన చెవికి "గొప్ప" ఒక్కటే మిగిలింది.

— హీలియం 23.4 శాతం అన్నచోట "ద్రవ్యరాశిలో" అని చేర్చండి. కణాల లెక్కలో అది 13.6. రెండూ ఒప్పే. ఆ మాట లేకపోతే ఎవరో ఒకరు తప్పు పడతారు.

ప్రశ్న అడిగినవారు: ఇలా మార్చాం: "హైడ్రోజన్‌తో పోల్చి చూస్తే, గురుడి వాతావరణంలో నియాన్ సూర్యుడిలో ఉన్నదాంట్లో పదో వంతే." జడవాయువు అన్న మాటే ఇందులో అక్కర్లేకపోయింది. దాన్ని గెట్టర్ పేరాలోకి మార్చాం.