పంచాయతీ ఓచర్లను ఏఐతో టైడ్, అన్‌టైడ్‌గా విడగొడితే ప్రతిసారీ జవాబు మారుతోంది

అనంతపురం జిల్లాలో ఒక గ్రామ పంచాయతీ లెక్కలు చూస్తున్నాను. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం టైడ్, అంటే తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలి. మిగతా 40 శాతం అన్‌టైడ్, అంటే ఊరి ఇతర అవసరాలకు వాడుకోవచ్చు. వచ్చే బడ్జెట్ అంచనా కోసం 2024-25 ఓచర్లు 212 ఇలా విడగొట్టాలి. ఏఐ చాట్‌బాట్‌కు పేర్లు, ఖాతా నంబర్లు తీసేసి తేదీ, వివరం, మొత్తం మాత్రమే ఎక్సెల్‌లో ఇస్తున్నాను.

"బోరు మోటారు కాయిల్ కాలింది, రీవైండింగ్ 4,800" అన్న వరుసను ఒకసారి టైడ్ అంది, అరగంట తర్వాత అన్‌టైడ్ అంది. "బోరు కాడ వీధిలైటు వైరు" మాత్రం ప్రతిసారీ తాగునీటిలోకే పోతోంది. బోరు అన్న మాట కనిపిస్తే చాలనుకుంటా. మా వైపు ఎండాకాలం వస్తే సగం ఓచర్లు బోర్లవే, కాబట్టి ఇది చిన్న తప్పు కాదు. ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాల్సింది నేనే, అదే టెన్షన్.

నేనే విడగొట్టిన 20 ఓచర్లు ఉదాహరణగా ఇచ్చాను. 25 చొప్పున పంపాను. వివరాలు ఇంగ్లిషులో రాసి కూడా చూశాను. కూడికలు ఎలాగూ ఎక్సెల్‌లోనే చేస్తున్నాను. అనుమానముంటే ఖాళీ వదలమంటే ఒక్కటీ వదల్లేదు. చేత్తో సరిచూసిన 40లో 9 తప్పులు.

తెలియని వరుసను ఊహించి నింపకుండా నాకే వదిలేయాలంటే ఆదేశం ఎలా రాయాలి?