65డేస్ ఆఫ్ స్టాటిక్ గేమ్ మ్యూజిక్ చేశాక ఇంకా బ్యాండేనా?

గోదారి_ప్యాడ్:
ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఊరి బ్యాండ్ 65డేస్ ఆఫ్ స్టాటిక్ వినేవాళ్లు ఇక్కడ నలుగురైదుగురు ఉన్నారని తెలిసే రాస్తున్నానండి. ఈ వారం వాళ్లవన్నీ వరసపెట్టి విన్నా. 2004లో వచ్చిన మొదటి ఆల్బమ్ ద ఫాల్ ఆఫ్ మ్యాథ్ నుంచి 2013 వైల్డ్ లైట్ దాకా ఎక్కడా ఆపబుద్ధి కాలేదు. పాడేవాళ్లు లేరు, గిటార్లు, పియానో, కంప్యూటర్లో ముక్కలు ముక్కలు చేసిన బీట్లు, వాటి మీద రాబ్ జోన్స్ డ్రమ్స్. మెషీన్ ఓ పక్క పరిగెడుతుంటే మనిషి దాన్ని అందుకోవాలని కొడుతూ ఉంటాడు చూడండి, ఆ పెనుగులాటే నాకు ఆ బ్యాండ్. 2016లో నో మ్యాన్స్ స్కై అనే వీడియో గేమ్‌కి మ్యూజిక్ చేశారు, అక్కణ్ణుంచి పట్టు తప్పింది. 2019లో వచ్చిన రెప్లికర్ ఆల్బమ్‌లో డ్రమ్స్ కోసం వెతుక్కోవాలి. 2021లో రెకేజ్ సిస్టమ్స్ అని యూట్యూబ్‌లో ఆగకుండా నడిచే స్ట్రీమ్ పెట్టారు, సాఫ్ట్‌వేరే మ్యూజిక్ పుట్టించుకుంటూ పోతుంది. నా మటుకు వాళ్లు బ్యాండ్‌గా 2013లోనే అయిపోయారు. కాదనేవాళ్లు చెప్పండి.

అమీర్‌పేట్_లూప్:
అన్నా నాకు వాళ్లు ఎరుకైందే ఆ గేమ్‌తోటి. ట్రైలర్ కోసం ఆ పాట చేసిండ్రు కదా, అది వినే పాతయి వెతుక్కున్న. గేమ్ లేకపోతే నాలాంటోళ్లకి వాళ్ల పేరు గూడ తెల్వకపోవు.

పాత_క్యాసెట్:
ట్రైలర్ కోసం చేసిన పాట కాదది. 2010 ఆల్బమ్ వుయ్ వర్ ఎక్స్‌ప్లోడింగ్ ఎనీవేలోది, పేరు డెబ్యుటాంట్. గేమ్ ట్రైలర్ వచ్చింది 2013 డిసెంబర్లో. తెలుసుకుని రాయండి.

షెఫీల్డ్_చలి:
ప్యాడ్ గారూ, మీరు చెప్పింది సగమే. నేను షెఫీల్డ్‌లో చదువుకున్నాను, ఇప్పుడు లీడ్స్‌లో ఉంటున్నాను. ఆ ఊరు ఎలాంటిదంటే ఉక్కు ఫ్యాక్టరీలు మూతపడుతున్న రోజుల్లోనే కుర్రాళ్లు సింథసైజర్లు పట్టుకున్నారు, క్యాబరే వోల్టేర్, హ్యూమన్ లీగ్ బ్యాండ్లు అక్కడివే, ఎలక్ట్రానిక్ మ్యూజిక్ వేసే వార్ప్ రికార్డ్స్ కంపెనీ 1989లో మొదలైంది కూడా అక్కడే. 2001లో 65డేస్ పుట్టినప్పుడే వాళ్ల చేతిలో గిటారుతో పాటు కంప్యూటర్ ఉంది. కాబట్టి మధ్యలో మెషీన్ వచ్చి చెడగొట్టిందనడం తప్పు. సినిమాకి మ్యూజిక్ చేయడం కూడా గేమ్‌కి ముందే ఉంది, సైలెంట్ రన్నింగ్ అనే 1972 నాటి సినిమాకి 2011లో కొత్తగా చేశారు, రికార్డు వేయడానికి శ్రోతలే డబ్బు పోగుచేశారు. 2008లో ద క్యూర్ అనే పెద్ద రాక్ బ్యాండ్ టూర్లలో ముందు వీళ్లే వాయించేవాళ్లు, ఆ పరిచయంతో క్యూర్ గాయకుడు రాబర్ట్ స్మిత్ వీళ్ల 2010 ఆల్బమ్‌లో ఒక పాట పాడాడు. అప్పుడు కూడా ‘పాడేవాళ్లు లేని బ్యాండ్‌లో గొంతేంటి’ అన్నవాళ్లున్నారు. ప్రతి మలుపులోనూ అయిపోయారనే అన్నారు.

గోదారి_ప్యాడ్:
కంప్యూటర్ మొదట్నుంచీ ఉందని నాకూ తెలుసమ్మా, పైన రాశాను కూడా. ఉండటం వేరు, అదే మొత్తం అయిపోవడం వేరు. 2007లో ద డిస్ట్రక్షన్ ఆఫ్ స్మాల్ ఐడియాస్ చేసినప్పుడు ఊళ్లో అందరూ రికార్డుల్లో సౌండు పగిలిపోయేలా పెంచుతుంటే వీళ్లు కావాలనే తగ్గించి వదిలారు, మెల్లగా కొట్టింది మెల్లగా, గట్టిగా కొట్టింది గట్టిగా వినపడాలని. అది చెయ్యి విలువ తెలిసినవాళ్లు చేసే పని. అలాంటివాళ్లు ఇలా అయ్యారనే బాధ.

పాత_క్యాసెట్:
ఆ 2007 ఆల్బమ్ బస్సులో వింటే సగం వినపడదు. వాల్యూమ్ చివరిదాకా పెట్టాలి, తర్వాత వేరే పాట వస్తే చెవులు పోతాయి. వాళ్ల కెరీర్ దెబ్బతింది అక్కడ, గేమ్ దగ్గర కాదు. ఇది ఎవరూ ఒప్పుకోరు.

విశాఖ_రివర్బ్:
వైల్డ్ లైటే బెస్ట్. మిగతావి తర్వాత.

షెఫీల్డ్_చలి:
సౌండ్ సంగతి పక్కన పెడదాం దయచేసి. ఆ గేమ్‌లో గ్రహాలు ఎన్నో తెలుసా, 18 పక్కన 18 సున్నాలు పెడితే ఎంతో అన్ని. ఎవరు ఏ గ్రహం మీద ఎంతసేపు ఉంటారో ముందు తెలీదు, మొదలూ చివరా ఉన్న పాట పెడితే పదిసార్లకి మొహం మొత్తుతుంది. అందుకని మామూలుగా ఒక ఆల్బమ్ చేసి, దాన్ని విడదీసి, గిటారు ముక్కలు, పియానో ముక్కలు, వట్టి శబ్దాలు బోలెడన్ని ఇచ్చారు, ఆటగాడు ఉన్న చోటుని బట్టి గేమ్ వాటిని కలుపుకుంటుంది. ఏది దేనితో కలిసినా చెడకూడదు. దానికి ఎంత చెవి కావాలో ఆలోచించండి. 2017లో షెఫీల్డ్‌లో డీకంపోజిషన్ థియరీ అని షో చేశారు, స్టేజి మీదే కోడ్ టైపు చేస్తూ వాయించారు, నేను ముందు వరసలో ఉన్నాను. అంత భయంతో, అంత జాగ్రత్తగా వాయించే బ్యాండ్‌ని నేను ఎక్కడా చూడలేదు. మీరు డ్రమ్స్ వినపడలేదని అలిగి ఇదంతా కొట్టిపారేస్తున్నారు.

గోదారి_ప్యాడ్:
అలగడం ఏంటండి. పన్నెండేళ్లు రాజమండ్రి చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో రిథమ్ ప్యాడ్ వాయించినవాణ్ణి. పెళ్లిళ్లు, తీర్థాలు, జనవరిలో అయితే రోజుకో ఊరు. ఒక ఆర్కెస్ట్రా ఓనరు ఓ సీజన్లో నన్ను పిలవలేదు, ఏంటని అడిగితే ‘పెన్‌డ్రైవ్‌లో ట్రాకులు వచ్చేశాయి, నీకిచ్చేది మిగులుతుంది’ అన్నాడు మొహం మీదే. ఆ ట్రాకుల్లో రెండు నేను వాయించి ఇచ్చినవే. ఆ రోజు ఇంటికొచ్చి ప్యాడ్ అటక మీద పెట్టాను, ఇప్పటికీ దింపలేదు. మీకు ముందు వరసలో సీటు దొరికింది కాబట్టి కోడ్ అందంగా కనపడింది.

అమీర్‌పేట్_లూప్:
అన్నా గిది బాధే గని దానికి 65డేస్ ఏం జేసిండ్రు? వాళ్లు ఎవర్ని తీసేయలే గదా.

షెఫీల్డ్_చలి:
సీటు దొరికిందనే మాట నాకు నచ్చలేదు. నేను కోడ్ రాసి బతికే మనిషిని. నా పని చూసి ‘ఇందులో మనిషి లేడు’ అంటే నాకూ తగులుతుంది. ఆ స్ట్రీమ్‌లో వినపడే ప్రతి ముక్కా ఎవరో కూర్చుని చేసిందే, ఏది ఎప్పుడు రావాలి, ఎంతసేపు ఉండాలి అనేదీ మనుషులు పెట్టిన నియమమే. ఇంకోటి, పాడేవాళ్లు లేని బ్యాండ్‌కి రేడియోలో చోటుండదు, బతకాలంటే వ్యాన్‌లో టూర్లు తిరగాలి. 2020లో కరోనాతో ఆ దారీ మూసుకుపోయింది. నెలనెలా చందా కట్టే శ్రోతల కోసం రిలీజులు చేసుకుంటూ, తర్వాత ఆ స్ట్రీమ్ కట్టుకుని నిలబడ్డారు. ఏం చేసుండాల్సింది, మానేసి వెళ్లిపోవాలా?

పాత_క్యాసెట్:
డెబ్యుటాంట్ 2010ది అని లూప్ ఇంకా ఒప్పుకోలేదు.

అమీర్‌పేట్_లూప్:
ఒప్పుకుంటున్న, 2010దే. ట్రైలర్ల వాడిండ్రు, తర్వాతే మొత్తం గేమ్ పని వీళ్లకి వచ్చింది. ఇగ వదిలెయ్యి.

గోదారి_ప్యాడ్:
మానెయ్యమని నేననలేదు. ఇందాక సీటు మాట తొందరపడి అన్నాను, వెనక్కి తీసుకుంటున్నా. కానీ నా గొడవ మీకు ఇంకా అందలేదు. కోడ్ రాసినవాడు మనిషి కాదనట్లేదు నేను. వాయించేవాడికి వాయించిన ప్రతి రోజూ కూలి వస్తుంది. సిస్టమ్ కట్టినవాడికి కట్టినప్పుడు వస్తుంది, తర్వాత అది ఎవరి చేతిలో ఉంటే వాడికి వస్తుంది. 65డేస్ చేతిలో వాళ్ల సిస్టమ్ ఉంది, సరే. మా ఓనరు చేతిలో నా ట్రాకులున్నాయి. ఎంతమంది వాయించేవాళ్లకి తమ సిస్టమ్ తమ చేతిలో ఉంటుంది చెప్పండి.

షెఫీల్డ్_చలి:
ఇది మొదటి పోస్టులోనే రాసుంటే నేనింత గొడవపడేదాన్ని కాదు. మీరు బ్యాండ్ అయిపోయిందన్నారు, ఇప్పుడు అడుగుతున్నది వేరు. దీనికి నా దగ్గర జవాబు లేదు. నేను రాసిన కోడ్ కూడా నాది కాదు, కంపెనీది. అయినా ఒకటి చెప్తాను, తమ సిస్టమ్ తమ దగ్గరే ఉంచుకుని ఊరికే ఎవరైనా వినేలా పెట్టిన బ్యాండ్‌ని, పెన్‌డ్రైవ్ ఓనరుని ఒకే గాటన కట్టకండి. రెప్లికర్ చెడ్డదంటే అనండి, ఆ మాట మీ చెవితో అనండి.

గోదారి_ప్యాడ్:
చెవితోనే అంటున్నా, నాకు రెప్లికర్ నచ్చలేదు. స్ట్రీమ్ మాత్రం అరగంటే విన్నానని ఒప్పుకోవాలి. ఈ రాత్రి పెట్టుకుని పడుకుంటా.

విశాఖ_రివర్బ్:
హెడ్‌ఫోన్స్‌లో వినండి, ఫోన్ స్పీకర్‌లో కింది శబ్దాలు రావు.