అక్వేరియం స్టాండుకి ఏ చెక్క మంచిది? పొద్దున్నుంచి ఇదే తంటా

గుప్పీతొట్టి:
నాలుగు కాళ్లూ ఒకే కొలతకి కోశాను, మూలమట్టం పెట్టి మరీ బిగించాను. మొన్న సరిగ్గానే కూర్చుంది. ఇవాళ చూస్తే ఊగుతోంది, వెనక కుడి కాలు కింద అట్టముక్క దూరేంత సందు. పొద్దున్నుంచి విప్పడం, బిగించడం, మళ్లీ అదే. చెక్కే మార్చేద్దామనుకుంటున్నా. ఏది కొనాలో సూటిగా చెప్పండి.

రంపంపొట్టు:
ట్యాంకు కొలతలు? చెక్క మందం?

చిత్రిక:
హార్డ్‌వుడ్ కొనమని ఎవరైనా చెబితే తొందరపడకండి. వెడల్పాకుల చెట్ల కలపని హార్డ్‌వుడ్ అంటారు, సూదుల్లాంటి ఆకులున్నవాటిది సాఫ్ట్‌వుడ్. గట్టిదనం వేరే సంగతి. గోరుతో నొక్కితే సొట్టపడే బాల్సా కూడా హార్డ్‌వుడ్డే. పైన్ సాఫ్ట్‌వుడ్, అయినా స్టాండుకి చక్కగా సరిపోతుంది. పేరు కాదు, ముక్కని చూడండి. అంచుని తాకే పెద్ద ముడి ఉండకూడదు. దుంగ నడిమి బెండు ఉన్న ముక్క ఆరేకొద్దీ పగులుతుంది, వద్దు. ఒక చివర కంటి దగ్గర పెట్టుకుని రెండో చివరకి చూస్తే వంపు, మెలి ఇట్టే తెలుస్తాయి.

గుప్పీతొట్టి:
మామూలు నాలుగడుగుల ట్యాంకేనండి. చెక్క 2×4 అంగుళాలు.

రంపంపొట్టు:
వెడల్పు, ఎత్తు?

గుప్పీతొట్టి:
రెండూ అడుగున్నర. 10 మి.మీ. గాజు, అంచులకి ఫ్రేము లేదు.

బరువులెక్క:
9 ఘనపుటడుగులు, అంటే నిండుగా 255 లీటర్లు, 255 కిలోలు. గాజు 50 పైచిలుకు, ఇసుకా రాళ్లూ ఓ 40. మొత్తం 350 అనుకోండి. కాలికి 90 కూడా పడదు, 2×4 కాలికి అదేం బరువు కాదు. చూడాల్సింది, పై ఫ్రేము కాళ్ల నెత్తిన కూర్చుందా, పక్కన స్క్రూలకి వేలాడుతోందా అని. కూర్చోవాలి. పక్క ఊపుకి వెనకాల 12 మి.మీ. ప్లైవుడ్ జిగురు పెట్టి బిగించండి. పొడుగు కర్రల్ని వెడల్పు వైపు పడుకోబెట్టకుండా సన్నటి అంచు మీద నిలబెట్టండి, బిగువు 5 రెట్లు పైనే పెరుగుతుంది.

చిత్రిక:
చిత్రిక పట్టిన 1.5×3.5 కర్రకైతే 5.4 రెట్లు. నిజంగా 2×4 ఉంటే 4 రెట్లే.

బరువులెక్క:
2×4 అంటే 1.5×3.5 అనే కదా అర్థం.

చిత్రిక:
ఆరబెట్టి, చిత్రిక పట్టి అమ్మేదానికే ఆ అర్థం. రంపం నుంచి నేరుగా వచ్చింది నిండు కొలతే ఉంటుంది. ఆయనది ఏదో ముందు అడగాలి.

రంపంపొట్టు:
చెక్క ఎప్పుడు కోసింది?

గుప్పీతొట్టి:
పోయిన వారం దుంగ నుంచి కోయించాను. కొత్తది, మంచి బరువుంది. నిండు 2×4 ఏ.

రంపంపొట్టు:
పచ్చి చెక్క. అదే కారణం.

చిత్రిక:
అవును. ఆరేటప్పుడు చెక్క పొడవు దాదాపు తగ్గదు, అడ్డంగా కుంచించుకుపోతుంది, అదీ అన్ని వైపులా సమంగా కాదు. అందుకే కాళ్ల కొలత సరిగ్గా ఉన్నా ఫ్రేము మెలి తిరిగి ఒక కాలు లేచింది. తేమ చూడాలంటే ఒక కోతముక్క తూచి, ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి మళ్లీ తూచండి. 250 గ్రాములది 200 అయితే, పోయిన 50ని 200తో భాగించాలి. 25 శాతం తేమ. స్టాండుకి 12 శాతం చుట్టుపక్కల ఉండాలి.

గుప్పీతొట్టి:
కాలు కింద అట్ట దోపి, ట్యాంకు కింద ఫోమ్ షీటు వేస్తే సరిపోదా?

బరువులెక్క:
వద్దు. 18 మి.మీ. ప్లై మీద ఫోమ్ వేయాల్సిందే, కానీ అది చిన్న గరుకుల్ని సర్దుతుందంతే, మెలిని సర్దలేదు. చెక్క ఇంకా ఆరుతుంది, ఇంకా తిరుగుతుంది. ఫ్రేము లేని ట్యాంకుకి అడుగు గాజే పగులుతుంది.

గుప్పీతొట్టి:
సరే, విప్పేస్తున్నా. ఆరిన పైన్ తెస్తాను. థాంక్సండి.

చిత్రిక:
కోసిన చివరలకి వార్నిష్ రెండు పూతలు ఎక్కువ వేయండి, నీళ్లు ఎక్కువగా పీల్చేది అక్కడే.