చర్చ: పాత 2జీ నెట్‌వర్కు తీసేస్తే మన ఊళ్లలో నష్టమా, మంచిదేనా?

లంకబాబు:
అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర లంక. ఊళ్లో ఇప్పుడు ఒకటే మాట, కీప్యాడ్ ఫోన్లు ఇక పనిచేయవంట, 2జీ తీసేస్తారంట అని. నేను చూసినంతలో తేదీ ఏదీ ప్రకటించలేదు. ఎయిర్‌టెల్ 2020 నాటికి 3జీ తీసేసి 2జీని మాత్రం ఉంచింది. జియోకి 2016లో వచ్చిన రోజు నుంచీ 2జీ, 3జీ లేనేలేవు. 2020 జూలైలో ముకేశ్ అంబానీ ఇంకా 30 కోట్ల మంది 2జీలోనే ఉండిపోయారని, దాన్ని చరిత్రలో కలిపెయ్యాలని అన్నారు. అప్పటి నుంచీ ఈ గోల అప్పుడప్పుడూ లేస్తూనే ఉంది. మా అమ్మది చిన్న కీప్యాడ్ ఫోను. అన్నయ్య మస్కట్ నుంచి చేస్తే ఎత్తుతుంది, అంతే. నిజంగా తీసేస్తే ఎలా? మీరేమంటారు?

సెల్‌పాయింట్:
మొబైల్ షాపు నడిపేవాడిగా చెప్తున్నా, తీసేయాలి. ఎంత తొందరగా తీస్తే అంత మంచిది.

నా కౌంటర్ దగ్గర రోజూ జరిగేది వినండి. ఒక పెద్దాయన ఫోను తెస్తాడు, "బాబూ, ఫోన్లు రావట్లేదు, చూడు" అంటాడు. వెనక్కి తిప్పితే బ్యాటరీ ఉబ్బిపోయి, మూత నిలవక రబ్బరు బ్యాండు చుట్టి ఉంటుంది. పోనీ బ్యాటరీనా అంటే అదీ కాదు, రీఛార్జి అయిపోయింది. నెట్ అంటే ఏంటో తెలియని మనిషి డేటా ఉన్న ప్లానుకి డబ్బు కడుతున్నాడు. అదే జియోది 4జీ కీప్యాడ్ ఫోను 2023లోనే 999 రూపాయలకు వచ్చింది. 28 రోజులకు 123. అదీ బటన్ల ఫోనే, ఎత్తడానికి అదే పచ్చ బటను. కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు.

ఇంకోటి. 2జీలో ఫోను తనెవరో టవరుకి రుజువు చేసుకుంటుంది గానీ, టవరు తనెవరో ఫోనుకి రుజువు చేసుకోదు. దొంగ టవరు డబ్బా కారులో పెట్టుకుని బ్యాంకు పేరుతో మెసేజీలు పంపేవాళ్లు దూరేది ఈ సందులోంచే. ముసలివాళ్లను కాపాడటానికి 2జీ ఉంచాలి అనేవాళ్లు ఇది ఆలోచించాలి.

చెరువుగట్టు:
సెల్‌పాయింట్ గారూ, 999 ఫోను అన్నారు. అందులో వేరే కంపెనీ సిమ్ము వేస్తే పనిచేస్తుందా? ముందు అది చెప్పండి.

ఇక సిగ్నల్. మాది ఆకివీడు అవతల, ఉప్పుటేరు వైపు. గట్టు మీద షెడ్డులో నా కీప్యాడ్ ఫోనుకి రెండు గీతలుంటాయి, మావాడి స్మార్ట్ ఫోనుకి సున్నా. 2జీ 35 కిలోమీటర్లు పోతుంది, 4జీ పోదు. ఇంక చర్చ దేనికి?

కాజా:
35 కిలోమీటర్లా! అయితే భీమవరం టవరు పెట్టుకుని నరసాపురంలో మాట్లాడుకోవచ్చన్నమాట.

పాత ఎక్స్ఛేంజి:
నేను టెలిఫోన్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఆ 35 సంగతి చెప్తాను. టవరుకీ ఫోనుకీ మధ్య మాట వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని జీఎస్ఎమ్, అంటే మన 2జీ, ఒక లెక్క వరకే సర్దుకోగలదు. ఆ లెక్క ప్రకారం హద్దు 35 కిలోమీటర్లు. సిగ్నల్ అంత దూరం వస్తుందని హామీ కాదు.

దూరం తేల్చేది బ్యాండూ (సిగ్నల్ ఎన్ని మెగాహెర్ట్జ్‌లో నడుస్తుందనేది), టవరు ఎత్తూ, మధ్యలో ఉన్న అడ్డాలూ. పాత 2జీ ఎక్కువగా 900లో నడుస్తుంది, అందుకే గట్టుదాకా వస్తోంది. 4జీ 2300లో ఉంటే తొందరగా చచ్చిపోతుంది. కొబ్బరి తోట అడ్డొస్తే ఇంకా తొందరగా. కానీ 850లో, 700లో కూడా 4జీ ఉంది. అది 900కి ఏమీ తీసిపోదు. కాబట్టి అడగాల్సింది మీ ఊరి టవరు మీద ఏ బ్యాండు పెట్టారని. 2జీయా 4జీయా అన్నది దాని తర్వాత.

చెరువుగట్టు:
మాస్టారూ, మీరు పుస్తకంలోది చెప్తున్నారు, నేను షెడ్డులోది చెప్తున్నా. నా షెడ్డులో 4జీ రాదు.

సెల్‌పాయింట్:
మీవాడి ఫోను ఏ కంపెనీ సిమ్ము? మీది ఏ కంపెనీ? రెండూ ఒకటేనా?

చెరువుగట్టు:
అది అనవసరం.

సెల్‌పాయింట్:
అనవసరం ఎలా అవుతుందండీ? వేరే కంపెనీ టవరుతో పోల్చి 4జీ రాదంటే ఎలా?

చెరువుగట్టు:
నేనడిగిన దానికి మీరు జవాబు చెప్పారా? ఆ ఫోన్లో వేరే సిమ్ము పడుతుందా పడదా?

సెల్‌పాయింట్:
పడదు. సరేనా? అన్ని సిమ్ములూ పడే 4జీ కీప్యాడ్ ఫోన్లు వేరే ఉన్నాయి, ధర కొంచెం ఎక్కువ. లంకబాబు తమ్ముడూ, అమ్మకి అలాంటిదే తీసుకో. 2జీ ఉన్నంతకాలం 2జీ మీదా నడుస్తుంది.

కాజా:
బేరం కుదిరింది. చర్చ ముగిసింది.

మెల్‌బోర్న్ భీమవరం:
ముగియలేదండీ, ఇక్కడ జరిగింది చెప్తాను. ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా, ఆప్టస్ 2024 అక్టోబరు 28న 3జీ ఆపడం మొదలుపెట్టాయి. అంతకుముందు వాయిదా వేశారు. ఎందుకంటే కొన్ని 4జీ ఫోన్లు మామూలు కాల్స్ 4జీలో చేస్తూ, ఎమర్జెన్సీ నంబరు 000కి చేసేటప్పుడు మాత్రం 3జీకి వెళ్లేవి. ఆ సంగతి ఫోను పట్టుకున్నవాడికే తెలియదు. చివరికి అలాంటి ఫోన్లను నెట్‌వర్కు మీదకు రానివ్వకుండా బ్లాక్ చేశారు. అప్పుడే ఇండియా నుంచి మా నాన్నగారు వచ్చారు. ఆయన ఫోను చూడటానికి బాగానే ఉంది, వైఫైలో వాట్సాప్ వస్తోంది, ఇక్కడి సిమ్ము వేస్తే మాత్రం పనిచేయలేదు. ఎయిర్‌పోర్టులో నన్ను వెతుక్కుంటూ చాలాసేపు నిలబడిపోయారు.

నేను చెప్పేదేంటంటే, 4జీ అని రాసున్న ఫోనులన్నీ 4జీలో మాట్లాడవు. వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే ఏర్పాటు, ఉందా లేదా చూడాలి. మన దగ్గర కూడా వోల్టీ లేని 4జీ ఫోన్లు మాట్లాడేటప్పుడు చప్పుడు లేకుండా 2జీలోకి దిగిపోతాయి. 2జీ తీసేసిన రోజున స్మార్ట్ ఫోనున్న వాళ్లు కూడా కొంతమంది మూగపోతారు.

గట్టుమీద కోడలు:
అమలాపురం నుంచి. మా అత్తగారిది బటన్ల ఫోనే. చేతిరుమాలులో చుట్టి రొంటిన దోపుకుంటుంది. నంబర్లు చదవలేదు. 5 మీదున్న బొడిపె తడుముకుని, దాన్ని నొక్కిపట్టి ఆడపడుచుకి ఫోను చేస్తుంది. 2022 జూలై వరదలో ఆవిడ లంకలోనే ఉండిపోయింది. కరెంటు లేదు. నా స్మార్ట్ ఫోను మర్నాటికే చచ్చిపోయింది. పడవ వచ్చేదాకా ఆవిడ ఫోనే బతికుంది. కొత్త ఫోన్లో చార్జింగు అన్నాళ్లు ఉంటుందా? ఎవరైనా చెప్పండి, వాదన వద్దు.

సెల్‌పాయింట్:
అంత ఉండదమ్మా. మాట్లాడటం తక్కువైతే రెండు మూడు రోజులు వస్తుంది. 5 నొక్కిపట్టడం మాత్రం వాటిలోనూ పెట్టుకోవచ్చు.

పాత ఎక్స్ఛేంజి:
వరద అన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. తుఫాను రోజుల్లో టెలికాం శాఖ ఆదేశిస్తే ఒక కంపెనీ సిమ్ము ఇంకో కంపెనీ టవరు మీద పనిచేస్తుంది. మన తీరంలో ఇది చేశారు కూడా. అయితే 2జీ మాత్రమే ఉన్న ఫోనుకి, పక్కన మిగిలిన టవరు 4జీది మాత్రమే అయితే, ఆ ఆదేశం వల్ల ఒరిగేదేమీ లేదు. 2జీ ఫోను ఉంటే క్షేమం అనుకునేవాళ్లు దీన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. టవరు బ్యాటరీ, డీజిలు అయిపోతే ఏ జీ అయినా ఒకటే, అది వేరే సంగతి.

చెరువుగట్టు:
అందరూ ఫోన్ల గురించే మాట్లాడుతున్నారు. మా రొయ్యల చెరువుల దగ్గర మోటార్ల స్టార్టర్ బాక్సులున్నాయి, వాటిలోనూ సిమ్ములున్నాయి. 2జీ సిమ్ములు. తెల్లవారుజామున కరెంటు పోతే నీళ్లలోకి గాలి పంపే ఏరియేటర్లు ఆగిపోతాయి. అప్పుడు బాక్సు నాకు ఫోను చేస్తుంది, నేను పరిగెత్తుకెళ్లి జనరేటర్ వేస్తా. ఆ వేళప్పుడు నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ. ఫోను రాకపోతే తెల్లారేసరికి వనామీ రొయ్య చచ్చి తేలిపోతుంది. పంటంతా పోయినట్టే. 999 ఫోను దానికేం చేస్తుంది?

గణపవరం రొయ్య:
నిజం. బస్సుల్లో జీపీఎస్ డబ్బాలు, కొట్లలో కార్డు గీకే పాత మిషన్లు కూడా కొన్ని ఇలాగే 2జీ సిమ్ములతో నడుస్తున్నాయి.

సెల్‌పాయింట్:
ఇప్పుడు బయటికొచ్చింది అసలు సంగతి. ఇంతసేపూ ముసలివాళ్లు, సిగ్నలు, 35 కిలోమీటర్లు. ఆయన బాధంతా ఆయన బాక్సు గురించి!

చెరువుగట్టు:
మీ బాధ దేని గురించి? ఫోన్లు అమ్ముకోవడం గురించి కాదూ? 2జీ పోతే ఊరంతా మీ షాపు ముందు నిలబడుతుంది. మీరు తీసెయ్యమనక ఏమంటారు?

సెల్‌పాయింట్:
ఒక కీప్యాడ్ ఫోను మీద నాకు ఎంత మిగులుతుందో మీకు తెలుసా? టీలకి చాలదు. టవరు పడిపోతే తిట్లు నాకే, రీఛార్జి పెరిగితే తిట్లు నాకే. మొన్న ఒకాయన "నా ఇన్‌కమింగ్ నువ్వే ఆపావు" అని ఫోను కౌంటర్ మీద విసిరికొట్టాడు. కంపెనీ ఎవడో తెలియదు, కనపడేది నేనే. మీ నాన్నగారికి రీఛార్జి చెయ్యలేకపోతే ఆ కోపం నా మీద తీర్చుకోకండి.

చెరువుగట్టు:
మా నాన్న పేరెత్తారు కాబట్టి చెప్తా. మా నాన్న లైఫ్‌టైమ్ కార్డు కొన్నాడు. ఒకసారి కడితే జీవితాంతం ఇన్‌కమింగ్ అని అట్ట మీద రాసి అమ్మారు. 2018 చివర్లో ఏమైంది? పెద్ద కంపెనీలు 28 రోజులకు 35 రూపాయలైనా వెయ్యాలన్నాయి, లేకపోతే ఇన్‌కమింగ్ కట్. తర్వాత ఆ 35 పోయి ఎంతకు చేరిందో మీరే రోజూ గీస్తున్నారు కదా. అంతకుముందు ఆయనకి ఇంకో కంపెనీ నంబరు కూడా ఉండేది. ఆ కంపెనీ అప్పటికే దుకాణం కట్టేసింది. మూసేస్తున్నాం, నంబరు వేరే కంపెనీకి మార్పించుకోండి అని మెసేజీ పంపారు, ఇంగ్లీషులో. ఆయన చదవలేదు, నాకు చూపించలేదు. నంబరు పోయింది. బ్యాంకు, పంట రుణం, ఆధారు, అన్నిటికీ ఆ నంబరే. ఓటీపీలు ఎవరికి పోతున్నాయో దేవుడికెరుక. దాన్ని మార్పించడానికి మేం తిరిగిన తిరుగుడు పగవాడికి కూడా వద్దు.

కాబట్టి "నెట్‌వర్కు తీసేస్తాం, మీకు మంచిదే" అని ఎవరైనా అంటే నాకు నమ్మబుద్ధి కాదు. రెండుసార్లు చూశాం.

గట్టుమీద కోడలు:
మెసేజీ ఇంగ్లీషులో రావడం గురించి ఎవరూ మాట్లాడరేం? మా అత్తగారికీ అలాగే వస్తాయి.

సెల్‌పాయింట్:
నాన్నగారి సంగతి తెలియక అన్నాను. అది వదిలేద్దాం. కానీ మీరు చెప్పినదంతా రీఛార్జి దోపిడీ, నోటీసు సరిగ్గా ఇవ్వకపోవడం. దానికి 2జీ ఉంచితే మందు దొరుకుతుందా? 2జీ ఉండగానే కదా ఇదంతా జరిగింది! 2024 డిసెంబరులో టెలికాం కంపెనీలను నియంత్రించే ట్రాయ్ చెప్పాక, మాటలకీ మెసేజీలకీ మాత్రమే ప్లాన్లు పెట్టారు. 84 రోజులకు నాలుగు వందల యాభై అటూఇటూ. అడిగేవాడు లేక నా దగ్గర పెద్దగా పోవట్లేదు. దాని మీద కొట్లాడండి, నేనూ వస్తా.

చెరువుగట్టు:
మందు దొరకదు. కానీ ఇప్పుడు కీప్యాడ్ పట్టుకున్నవాడు ఈ కంపెనీ కాకపోతే ఆ కంపెనీ అని వెళ్లగలడు. 2జీ పోయి, ఒకే సిమ్ము పడే ఫోను చేతిలో పెట్టాక ఎక్కడికి వెళ్తాడు? అప్పుడు 123 అలాగే ఉంటుందని మీరు రాసిస్తారా?

సెల్‌పాయింట్:
రాసివ్వను. కానీ 2జీ నడపడానికి కరెంటు, బ్యాండు, మనుషులు కావాలి. ఆ ఖర్చు ఎవరు మోస్తున్నారు? మీ స్టార్టర్ బాక్సు కోసం లంకలో ముసలమ్మ ఎక్కువ రీఛార్జి కట్టాలా?

చెరువుగట్టు:
ఇప్పుడు మాత్రం? ఆ ముసలమ్మ వాడని డేటాకి కట్టే డబ్బుతో ఎవరి 5జీ టవర్లు లేస్తున్నాయి? అది అడగరేం?

పాత ఎక్స్ఛేంజి:
ఇద్దరూ ఇక్కడికి చేరడానికి ఇంతసేపు పట్టింది.

గణపవరం రొయ్య:
చెరువుగట్టు గారూ, నేను కిందటి పంటకి 4జీ బాక్సు పెట్టించా. బాగానే ఉంది. కరెంటు పోగానే ఫోను వస్తోంది. సిగ్నల్ తక్కువైతే పొడుగు యాంటెన్నా వేసి రేకు మీద బిగించుకోవాలి.

చెరువుగట్టు:
పాత బాక్సు వెనక్కి తీసుకుని ఏమైనా తగ్గించారా?

గణపవరం రొయ్య:
పైసా తగ్గించలేదు. లోపల సిమ్ము బోర్డు ఒక్కటి మారిస్తే చాలు కదా అంటే, అలా రాదు, మొత్తం మార్చాల్సిందే అన్నారు.

చెరువుగట్టు:
అదీ సంగతి.

సెల్‌పాయింట్:
అయితే ముందు బాక్సు అమ్మినవాడిని అడగండి. టవరు వాడిని తర్వాత తిడుదురు గాని.

చెరువుగట్టు:
ఇద్దర్నీ అడుగుతా. రొయ్య గారూ, ఆ యాంటెన్నా ఎన్ని అడుగుల వైరుతో వస్తుంది? మా షెడ్డు రేకు ఎత్తుగా ఉంటుంది.